ఆకురాలు కాలంలో ఇంటి బడి

అమెరికాలో ఉన్న బిడ్డల దగ్గరకు వెళ్ళిన తాతలకు, అమ్మమ్మలకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది. అక్కడ సంఘంలో కలిసే కొన్ని కుటుంబాల పిల్లలు అసలు బడికే వెళ్ళరు. తల్లో తండ్రో ఇంటి దగ్గరే చదువు చెబుతారు. దీనిని హోమ్ స్కూలింగ్ అంటారు. 1993 నాటికి 50 రాష్ట్రాలలోనూ ఇది చట్టసమ్మతమైంది. 2019 ప్రభుత్వ సర్వే ప్రకారం బడి ఈడు పిల్లలలో నూటికి సుమారు ముగ్గురు ఇలా చదువుకునేవారు. 2020లో కోవిడ్ వచ్చి బడులు మూతపడ్డాక ఈ సంఖ్య పెరిగింది. మన తెలుగు కుటుంబాలలో కూడా కొందరు ఈ దారి పట్టారు.

ఈ చదువు మంచిదా కాదా అన్న వాదన ఈ పాఠంలో చేయబోవడం లేదు. ఆకులు రాలే కాలంలో అలాంటి ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో, అందులో పిల్లల ఆరోగ్యానికి మేలు చేసేవి ఏవో, జాగ్రత్త పడవలసినవి ఏవో చూద్దాం. ఉదాహరణకు పెన్సిల్వేనియా రాష్ట్రాన్ని తీసుకుందాం.

అక్కడి చట్టం ప్రకారం సంవత్సరానికి 180 రోజులు చదువు చెప్పాలి, లేదా చిన్న తరగతులకు 900 గంటలు, పెద్ద తరగతులకు 990 గంటలు చెప్పాలి. ఏ రోజు ఏమి చదివారో తల్లి పుస్తకంలో రాసి పెట్టుకుంటుంది. ఉదయం ఫలహారం, చాలా ఇళ్ళలో కుటుంబ ప్రార్థన, తరువాత భోజనాల బల్ల మీదే లెక్కలు, చదవడం, రాయడం. పదకొండేళ్ళ అక్క భిన్నాలు చేస్తుంటే ఆరేళ్ళ తమ్ముడు అదే బల్ల చివర అక్షరాలు దిద్దుతాడు. మధ్యాహ్నానికి పుస్తకాల పని చాలావరకు అయిపోతుంది. అక్టోబరులో ఆ మధ్యాహ్నం అంతా బయటే.

ఇంగ్లండుకు చెందిన షార్లెట్ మేసన్ (1842-1923) అనే విద్యావేత్త పిల్లలు రోజూ గంటల తరబడి ఆరుబయట గడపాలని, చూసిన ఆకునూ పురుగునూ ప్రకృతి పుస్తకంలో బొమ్మ గీసుకోవాలని బోధించారు. ఇంటి చదువు కుటుంబాలలో చాలామంది ఇప్పటికీ ఆమె పద్ధతి పాటిస్తారు. గనుక మేపుల్ ఆకు ఎందుకు ఎర్రబడుతుందన్నదే ఆ నెల సైన్సు పాఠం. పగటి పొద్దు తగ్గగానే చెట్టు ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితాన్ని తయారుచేయడం మానుతుంది. అంతవరకు దాని చాటున ఉన్న పసుపు రంగు బయటపడుతుంది. ఎరుపు మాత్రం ముందునుంచీ ఉన్నది కాదు, ఆ రోజుల్లోనే ఆకులో కొత్తగా తయారవుతుంది. మన దగ్గర ఆకులు రాలేది ఉగాదికి ముందు, శిశిరంలో. అక్కడి చెట్లు గడ్డకట్టే చలికి ఆకులు వదులుకుంటే, మన అడవి చెట్లు ఎండకాలంలో నీరు పొదుపు చేసుకోవడానికి వదులుకుంటాయి. ఊరి నుంచి వెళ్ళిన అమ్మమ్మ ఈ మాట చెబితే మనవలకు అదొక కొత్త పాఠం.

సెప్టెంబరు నడిమికి ఆ కుటుంబాలు హాక్ మౌంటెన్ కొండకు వెళ్తాయి. వేటగాళ్ళు డేగలను కాల్చి చంపుతుంటే ఆపడానికి రోజలీ ఎడ్జ్ అనే ఆమె 1934లో అక్కడ సంరక్షణ కేంద్రం స్థాపించారు. దక్షిణానికి వలసపోయే డేగలను పిల్లలు దుర్భిణీలతో లెక్కపెడతారు.

ఈ బయటి తిరుగుడు కంటికి కూడా మేలు. చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో ఒకటవ తరగతి పిల్లలను కొన్ని బడులలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్ళ తరువాత వారిలో నూటికి సుమారు 30 మందికి, మిగతా బడులలో సుమారు 40 మందికి దగ్గరి చూపు దోషం (దూరపు వస్తువులు మసకగా కనబడటం) వచ్చింది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సెల్ ఫోను చూస్తూ గదిలో కూర్చునే మన పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది.

అయితే రాలిన ఆకుల్లో, పొడుగాటి గడ్డిలో పిడుదులు ఉంటాయి. మన పశువుల మీద కనబడే గోమారుల వంటివే, ఇంకా చిన్నవి. చలి మొదలైంది గదా అని పోవు, అక్టోబరు, నవంబరులలో కూడా కుడతాయి. వాటివల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. పెన్సిల్వేనియాలో ఇది చాలా ఎక్కువ. సాధారణంగా పిడుదు 24 గంటలకు పైగా అంటుకొని ఉంటేనే జబ్బు సోకుతుంది గనుక, ఇంటికి రాగానే చంకలు, మోకాలి వెనుక, చెవుల వెనుక, తలవెంట్రుకలు వెతకాలి. కనబడితే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనుకొని పట్టి తిన్నగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకూడదు. 3 నుండి 30 రోజులలో ఎర్రని మచ్చ పెరుగుతూ పోయినా, జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చినా వైద్యుని చూడాలి. త్వరగా గుర్తిస్తే యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. మీరు తిరిగి ఇండియా వచ్చాక ఇలా అయితే, ఫలానా చోట అడవిలో తిరిగామని వైద్యునికి తప్పక చెప్పండి. ఆ సంగతి చెప్పకపోతే ఇక్కడ ఆ జబ్బు ఎవరి తలంపుకూ రాదు.

ఇక ఆపిల్ తోటలు. బుట్టలతో వెళ్ళి కోసుకొని వస్తారు, లెక్కల పాఠం కూడా అక్కడే అయిపోతుంది. తోటలోనే పిండి అమ్మే పచ్చి ఆపిల్ రసం విషయంలో జాగ్రత్త. నేల మీద పడిన పండ్లకు పశువుల పేడ తగిలి ఉండవచ్చు. 1996లో పాశ్చరీకరించని ఆపిల్ రసం వల్ల పదుల మంది జబ్బుపడ్డారు, ఒక పసిబిడ్డ చనిపోయింది. మరగకాచి ఇస్తే చాలు.

కోసిన వాటిని గాజు సీసాలలో నిలవ చేయడం ఆ ఇళ్ళలో పెద్ద సంప్రదాయం. తల్లి, కూతుళ్ళు రోజంతా వంటగదిలోనే. మనం ఆవకాయ పెట్టినట్టే అనుకోండి. కాని తేడా ఉంది. ఆవకాయను పులుపు, ఉప్పు కాపాడతాయి. ఆపిల్ కూడా పుల్లనిదే గనుక మరిగే నీటిలో సీసాలు ఉడికించితే సరిపోతుంది. బీన్సు, మొక్కజొన్న, గుమ్మడి వంటి పులుపు లేని వాటికి అది చాలదు. బొట్యులిజం అనే జబ్బును కలిగించే విషాన్ని పుట్టించే క్రిమి బీజాలు 100 డిగ్రీల నీటిలో చావవు. సుమారు 116 డిగ్రీలు కావాలి. అందుకు ప్రత్యేకమైన ప్రెషర్ పాత్ర ఉంటుంది, మామూలు వంట కుక్కరు పనికిరాదు. గుమ్మడి గుజ్జును ఆ పాత్రలో కూడా నిలవ చేయవద్దని అక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది, ముక్కలుగానే చేయాలి. నిలవ సీసా తిన్నాక ఒకటి రెండుగా కనబడటం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం జరిగితే గంట కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ క్రిమి బీజాలే తేనెలో కూడా ఉండవచ్చు. పెద్దవారికి ఏమీ కాదు. ఏడాది నిండని బిడ్డ పేగులో మాత్రం మొలకెత్తి విషం పుట్టిస్తాయి. పుట్టిన బిడ్డకు తేనె నాకించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. తోట దగ్గర కొన్న స్వచ్ఛమైన తేనె అయినా సరే, వద్దు. మనవడిని చూడటానికి ఇక్కడి నుంచి తేనె సీసా పట్టుకెళ్ళే నానమ్మలు దయచేసి గమనించండి.

నవంబరు నాలుగవ గురువారం కృతజ్ఞతా పండుగ, మన కోత పండుగకు దగ్గరి చుట్టం. టర్కీ కోడిని ఫ్రిజ్ లోనే కరగనివ్వాలి, ప్రతి 2 కిలోలకు ఒక రోజు చొప్పున. లోపలి మాంసం 74 డిగ్రీలకు రావాలి.

అసలు కష్టం ఇవేవీ కాదు. ఇంటి బడిలో నర్సు ఉండదు. బడిలో అయితే ఎవరో ఒకరు చూపు, ఎత్తు, బరువు చూస్తారు, టీకాల కార్డు అడుగుతారు. పెన్సిల్వేనియా చట్టం ఇంటి చదువు కుటుంబాలను కూడా టీకాలు, వైద్య పరీక్షలకు రుజువు అడుగుతుంది, మినహాయింపులూ ఉన్నాయి. టెక్సాస్ లాంటి చోట అసలు ఎవరూ అడగరు. 2025లో టెక్సాస్ పడమటి భాగంలో ఇంటివద్ద, చిన్న ప్రైవేటు బడులలో చదివే పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో తట్టు వ్యాపించింది. టీకా వేయించని ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఇంటి చదువు ఆ పిల్లలను చంపలేదు. టీకా లేకపోవడం చంపింది. అది అడిగే మనిషి కూడా ఆ చదువులో లేకుండా పోయాడు. తట్టు టీకా రెండు మోతాదులు నూటికి 97 మందిని కాపాడుతుంది. చాలా కుటుంబాలు ఆకురాలు కాలంలో ఒక రోజు ఖాయం చేసుకొని పిల్లల కన్ను, పన్ను చూపించి టీకాలు పూర్తి చేయిస్తాయి. ఫ్లూ టీకా కూడా అప్పుడే. 6 నెలలు దాటిన పిల్లలందరికీ అది వేయించమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది.

మన దగ్గర కూడా బడికి వెళ్ళని పిల్లలు ఉన్నారు. జబ్బువల్ల మానినవారు, ఓపెన్ స్కూలులో కట్టి ఇంట్లో చదివేవారు, పనుల్లోకి వెళ్ళినవారు. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు వేసే టీడీ టీకా చాలా ఊళ్ళలో బడికే వచ్చి వేస్తారు. బడిలో లేని బిడ్డకు అది తప్పిపోతుంది. మీ ఊరి ఏఎన్ఎమ్ గారిని అడిగితే వేస్తారు, ఖర్చు లేదు. పాత కార్డు పోయినా వెనుకాడకండి, బిడ్డ వయసు చెబితే చాలు, ఏవి మిగిలాయో వారే చూసి చెబుతారు.