చెవితో ఎంచుకో

ఒంగోలు,
ఏప్రిల్ 20.

చి. బుజ్జికి,

నీ పరీక్షలు అయిపోయాయని, వచ్చే వారం చీరాల వచ్చేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఈ సెలవుల్లో తెలుగు పుస్తకాలు చదవాలనుంది, ఏవి చదవనో చెప్పమని నువ్వు పెట్టిన మెసేజీ చూసి ఎంత సంబరపడ్డానో! దాని కింద రాసిన మాట మాత్రం మనసులో ఉండిపోయింది. "తెలుగు చదవాలంటే నాకు చాలా టైం పడుతుంది అత్తయ్యా, సిగ్గుగా ఉంటుంది" అన్నావు. దానికి ఫోన్లో రెండు ముక్కలు కొట్టి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ సిగ్గు సంగతి. ఎల్‌కేజీ నుంచీ నీది ఇంగ్లీషు మీడియం. బస్సుల మీద పేర్లు, సినిమా పోస్టర్లు తప్ప వరసగా నాలుగు పేజీల తెలుగు చదవాల్సిన అవసరం నీకెప్పుడూ రాలేదు. కంటికి అలవాటు తప్పింది, అంతే. చెవికి మాత్రం పుట్టినప్పటి నుంచీ తెలుగే. నాయనమ్మ మాట్లాడితే ఒక్క ముక్క పోకుండా అర్థమవుతుంది కదా! కాబట్టి నీ చెవికి తెలిసిన తెలుగులో రాసిన పుస్తకాలతో మొదలుపెట్టు. కన్ను తనంతట తనే దారిలో పడుతుంది.

లైబ్రరీలో పనిచేసినన్నాళ్లూ ఏటా ఎండాకాలం చూసేదాన్ని. ఎవరో గొప్పదని చెప్పారని పిల్లలు వచ్చి 'వేయిపడగలు' అడిగేవాళ్లు. గొప్ప నవలే, పి.వి. నరసింహారావు గారు స్వయంగా హిందీలోకి అనువదించుకున్న నవల. కానీ అంత లావు పుస్తకాన్ని, అంత బరువైన భాషని మొదటి పుస్తకంగా మోయలేక మూడో రోజే తెచ్చి బల్ల మీద పెట్టేసేవాళ్లు. మళ్లీ ఆ మెట్లెక్కేవాళ్లు కాదు. నాకు చాలా బాధగా ఉండేది. అందుకని 'తప్పక చదవాల్సిన వంద' లాంటి జాబితాల జోలికి ఇప్పుడు పోకు. పుస్తకం చేతిలోకి తీసుకుని మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచి, గొంతు విప్పి చదువు. పక్కన ఎవరో కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపిస్తే ఇంటికి తెచ్చుకో. వినిపించకపోతే అక్కడే పెట్టెయ్. రెండేళ్లాగి మళ్లీ తెరిచి చూడొచ్చు, అదెక్కడికీ పోదు.

మొదటిగా నేను నీ చేతిలో పెట్టేది సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చిన వంద కథలు, బాపు గారి బొమ్మలతో సహా. ఒక్కో కథ కొద్ది పేజీలే. అక్షరం కూడబలుక్కుని చదివినా అరగంటలో ఒక కథ పూర్తవుతుంది. పూర్తి చేశానన్న తృప్తి నీకిప్పుడు చాలా అవసరం. పైగా అంతా మన కృష్ణ ఒడ్డు మాట. గుడి, రేవు, వరద, పడవవాళ్లు, పూజారులు, ఆకలిగొన్నవాళ్లు అందరూ అందులో ఉంటారు. రోజుకు రెండు కథలు చాలు. ఎంత బాగున్నా మూడోది మర్నాటికి ఉంచుకో.

కన్ను కాస్త పరుగు అందుకున్నాక మన ప్రాంతం దాటు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన 'సినబ్బ కథలు', 'మిట్టూరోడి కథలు' చిత్తూరు వైపు పల్లె మాటలో ఉంటాయి. మొదటి పేజీలో కొన్ని పదాలు తెలియవు. నిఘంటువు వెతక్కు, పైకి చదువు. పది పేజీలయ్యేసరికి ఆ అమ్మ, ఆ పిల్లాడు, ఆ ఇంట్లోని లేమి నీ ముందే నిలబడతాయి. నెల్లూరు వైపు మాట వినాలంటే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఉన్నాయి. ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి బాల్యం, ఆ ఇంటివాళ్ల మాటల్లోనే. మన వీధి చివర పీర్ల చావిడి ఉన్నా ఆ ఇళ్లలోపలి మాట మనకెంత తక్కువ తెలుసో ఆ కథలు చదివితే అర్థమవుతుంది.

హాస్టల్లో నీ స్నేహితురాళ్లు ఎక్కువమంది తెలంగాణ పిల్లలే కదా! వాళ్ల తాతల కాలం తెలియకుండా నాలుగేళ్లు వాళ్లతో కలిసి చదివి రావడం నాకిష్టం లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదువు. పాణిని అనే సంగీత విద్వాంసుడు బతుకుదెరువు కోసం ఆంధ్ర నుంచి నిజాం ఏలుబడిలోని ఒక పల్లెకు వెళ్తాడు. దొర గడీలో ఏం జరుగుతుందో, వెట్టి అంటే ఏమిటో అతని కళ్లతోనే మనమూ చూస్తాం. బయటి నుంచి వెళ్లినవాడి కళ్లు కాబట్టి, ఆ లోకం తెలియని నీలాంటి వాళ్లకు ఆ నవల బాగా పట్టుబడుతుంది. ఇది సరదా పుస్తకం కాదు. కొన్ని పేజీల దగ్గర పుస్తకం మూసి కాసేపు వాకిట్లో కూర్చోవాల్సి వస్తుంది. అయినా వదలకు.

నవ్వుకోవాలనిపిస్తే మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం' ఉండనే ఉంది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా సీమ చదువుకు బయల్దేరడం. మొదటి భాగం 1924 నాటిది. తర్వాత మరో రెండు భాగాలు వచ్చాయి కానీ, నా మటుకు మొదటిదే అసలు పుస్తకం.

అనువాదాల్లో ఈసారికి రెండు చాలు. అలెక్స్ హేలీ నవలను సహవాసి గారు కుదించి తెలుగు చేసిన 'ఏడు తరాలు' ఒకటి. ఆఫ్రికా నుంచి పట్టుకుపోయి బానిసగా అమ్మిన కుంటా కింటే, అతని తర్వాతి తరాల కథ. అనువాదమన్న ఊసే తట్టదు, అంత తేట తెలుగు. రెండోది 'వనవాసి'. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవలకు సూరంపూడి సీతారాం గారి తెలుగు. కలకత్తాలో ఉద్యోగం దొరకని యువకుడు ఎక్కడో బీహారు అడవిలోని ఎస్టేటుకు మేనేజరుగా వెళ్తాడు. అడవిని రైతులకు కౌలుకిచ్చి నరికించడం అతని ఉద్యోగం. వెళ్లినవాడు ఆ అడవినే ప్రేమిస్తాడు. ప్రేమిస్తూనే ముక్కలు ముక్కలుగా దాన్ని పంచిపెడతాడు. ఇది మాత్రం పైకి చదవొద్దు. మధ్యాహ్నం పడమటి గాలికి తలుపులు వేసుకుని, ఇల్లంతా నిద్రపోయాక ఒక్కదానివే చదువు. ఈ ఉత్తరంలో చెప్పినవాటిలో ఒక్కటే చదవగలనంటే, నువ్వు చదవాలని నాకున్నది ఇదే.

సెలవుల చివర్లో కష్టమైనదొకటి పెట్టుకో. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న, నడి ఎండాకాలంలో కాశీకి బయల్దేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరారు. హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, కలకత్తా, పూరీ చూసుకుని మన కోస్తా దారిన తిరిగొచ్చారు. మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్లెలా ఉన్నాయి, అంగట్లో ఏం దొరుకుతాయి అని రాసుకుంటూ పోయారు. వాక్యాలు పాతవి, పొడుగ్గా ఉంటాయి. మొదటి నుంచి చివరిదాకా చదవాలని పట్టు పట్టకు. నువ్వు రోజూ తిరిగే హైదరాబాదు గురించి ఆయన రాసిన పేజీలు వెతుక్కుని ముందు అవి చదువు. తర్వాత తిరుగు ప్రయాణంలో నీకు తెలిసిన ఊళ్ల పేర్లు పట్టుకుంటూ రా.

డబ్బు పెట్టి అన్నీ కొనక్కర్లేదు. హైదరాబాదు వదిలే ముందు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఒకసారి చూడు. తక్కినవి చీరాల లైబ్రరీలో అడుగు. ఇంటిపన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం, ఆ బీరువాల్లో ఉన్నవి మన పుస్తకాలే. మొహమాటపడకు. ఒకరోజు ఎండ దిగాక వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లు, మీకు కూతవేటు దూరమే. 1918లో మొదలైన గ్రంథాలయం, 1929లో గాంధీజీ అడుగుపెట్టిన చోటు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారక్కడికి. ఇంత దగ్గర్లో ఉండి నువ్వు చూడకపోతే ఎలా? నువ్వు పుట్టక ముందెప్పుడో వెలువడిన పత్రిక ఒకటి అడిగి, బల్ల ముందు కూర్చుని ప్రకటనలతో సహా చదివి రా.

'కన్యాశుల్కం' పేరు చెప్పలేదేమని అనుకుంటున్నావేమో. అది ఒక్కదానివే చదవొద్దని ఆపాను. 1892లో విజయనగరంలో మొదట ఆడిన నాటకం. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేశారు. మనం ఆ రెండో కూర్పే చదవాలి. మాట్లాడుకోవడానికి రాసింది కనుక నలుగురం పంచుకుని చదువుదాం. మే రెండో వారంలో నేను చీరాల వస్తున్నాను. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాపలు వేయించు. గిరీశం మీ నాన్న. చిన్నప్పుడు స్కూల్లో వేశాడు, ఇప్పటికీ సగం మాటలు నోటికొచ్చు. వెంకటేశం మీ తమ్ముడు. బుచ్చమ్మ మీ అమ్మ. నాయనమ్మకు చూపు ఆనకపోయినా విని సరిదిద్దుతుంది, ఆవిడకు దగ్గరగా కూర్చో. మధురవాణి నువ్వే. ఆ భాగాలు నేను వచ్చేలోపు రెండుసార్లు పైకి చదివి ఉంచు.

మీ అత్తయ్య