అక్కా, అక్కడ మనసు నిలుస్తదా?

చెల్లె, కాకతీయ యూనివర్సిటీలో పీజీ అయిపోయింది, ఇథియోపియాలో పాఠాలు చెప్పే కొలువు దొరికింది, అమ్మేమో రోజూ ఏడుస్తోంది అని రాశావు. జీతం సంగతి, వీసా సంగతి చెప్పేవాళ్లు హన్మకొండలో గల్లీకొకరు దొరుకుతారు. నువ్వు నన్నడిగింది ఒక్కటే: "అక్కా, అక్కడ మనసు నిలుస్తదా?" పరకాల నుంచి 2007లో అదే దేశం పోయి బహిర్‌దార్‌లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. నాకు తెలిసింది చెప్తా విను.

నిలుస్తది. కానీ దానంతటది నిలవదు.

అక్కడికి పోయిన మనవాళ్లు చాలామంది రెండేళ్ల కాంట్రాక్టును బస్టాండులో బస్సు కోసం కూర్చున్నట్టు గడిపేస్తారు. సూట్‌కేసు సగం సర్దే ఉంటుంది. సాయంత్రమైతే ఒక గదిలో చేరి అక్కడి డబ్బు బిర్రులను రూపాయలు చేసి లెక్కలేసుకుంటారు. ఇంటి మీది అప్పు తీర్చడానికి పోయినవాళ్లను నేనేమీ అనను. కానీ ఆ రెండేళ్లూ మన ఆయుష్షులోవే గదా చెల్లె!

నా మనసు కుదిరింది మా ఇంటామె బిడ్డ వల్ల. రెండో తరగతి పిల్ల. అరుగు మీద కూర్చుని "హ, హు, హి, హా, హే, హ్, హో" అని చదువుతుంటే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అచ్చం మన గుణింతమే! అమ్హరిక్‌లో ఒక్కో హల్లుకు ఏడేసి రూపాలు. ఆ పిల్ల పక్కన కూర్చుని నేనూ పలక పట్టాను. నేను తప్పు రాస్తే చెరిపేసి, నా వేలు పట్టుకుని మళ్లీ దిద్దించేది. పొద్దంతా పంతులమ్మను, పొద్దుగూకితే దాని శిష్యురాలిని. దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదవడం వచ్చాక ఆ ఊరు నాకు పరాయిదనిపించలేదు.

అక్కడివాళ్ల కాలం లెక్కలన్నీ వేరు. పొద్దున మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. ఏడాదికి 13 నెలలు. మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తారు. నేను పోయిన ఏడే సెప్టెంబరు 12న వాళ్లకు 2000 సంవత్సరం వచ్చింది. ఆ కొత్త సంవత్సరం పండుగ పేరు ఎన్‌కుటాటాష్. అప్పటికి వానలు తగ్గుతాయి, గుట్టలన్నీ అదేయ్ అబెబా అనే పసుప్పచ్చ పూలతో నిండిపోతాయి. ఆడపిల్లలు తెల్ల బట్టలు కట్టుకుని, ఆ పూలు పట్టుకుని గుంపుగా ఇంటింటికీ వస్తారు. ఒక పిల్ల పాట అందుకుంటుంది, మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ వంత పాడతారు. ఆ పూలు చూస్తే నాకు తంగేడే కళ్లల్లో మెదిలింది. గడపలో నిలబడిపోయాను. ఇంటామె నన్ను లోపలికి పిలిచి, ఇంజెరా అనే వాళ్ల అట్టు ముక్క తుంచి, కూరలో అద్ది తన చేత్తో నా నోట్లో పెట్టింది. గుర్షా అంటారు దాన్ని, ప్రేమ ఉన్నవాళ్లకు పెట్టే ముద్ద.

తిండికి దిగులు పడకు. టెఫ్ అనే ధాన్యం పిండి పులియబెట్టి పోసే ఇంజెరా మన అట్టు లాంటిదే, పులుపు కాస్త ఎక్కువ. శనగపిండితో చేసే షిరో ఉంటుంది. బుధ, శుక్రవారాలు వాళ్లకు ఉపవాసం, మాంసం, పాలు ముట్టరు. ఆ రోజుల్లో ఏ హోటల్‌కు పోయినా పప్పులు, ఆకుకూరలే.

పిల్లల గురించి చెప్పకపోతే ఎట్లా? పల్లెల నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లే నా క్లాసులో ఎక్కువ. ఇంగ్లిష్‌లో పాఠం అర్థమయ్యేది, అడగడానికే భయం. అర్థమైందా అంటే గొంతు పెగలదు, ఊపిరి చటుక్కున లోపలికి పీలుస్తారు. అక్కడ అవునని చెప్పడం అట్లాగే. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని, తర్వాత ఆ చప్పుడు వినబడితే చాలు, ప్రాణం లేచొచ్చేది. బజారులో పెద్దవాళ్లు ఆపి, "మాకు లెక్కలు చెప్పింది ఇండియా సారే" అనేవాళ్లు. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ మనవాళ్లు అక్కడి బళ్లలో చెప్తూనే ఉన్నారు. ఆ గౌరవం వాళ్లు సంపాదించి పెట్టింది, మనకు ఊరికే దక్కింది.

సద్దుల బతుకమ్మ నాడు మాత్రం ఏడ్చాను. దానికి మందు లేదు, వెతకకు కూడా. ఆ ఒక్కరోజు ఏడ్చెయ్.

ఒక్క సంగతి గట్టిగా చెప్తున్నా. నేనున్నప్పటి రోజులు కావివి. 2020 నవంబరులో అక్కడి టిగ్రే ప్రాంతంలో యుద్ధం మొదలైంది, 2022లో శాంతి ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత 2023లో బహిర్‌దార్ ఉన్న అమ్హరా ప్రాంతంలోనూ గొడవలు వచ్చాయి. నీకు వచ్చింది ఏ ఊరో చూసుకో, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లతో మాట్లాడు, దిగగానే అడిస్ అబాబాలోని మన రాయబార కార్యాలయంలో పేరు రాయించుకో. పరిస్థితి బాగాలేదంటే ఆగిపో, కొలువు మళ్లీ దొరుకుతుంది.

అన్నీ సరిగ్గా ఉండి, చేరే తేదీ నీ చేతిలోనే ఉంటే సెప్టెంబరు మొదటి వారమే పెట్టుకో. ఎన్‌కుటాటాష్ పండుగకు అక్కడ ఉంటావు.