సజ్జ కంకుల దగ్గరికి వచ్చిన డేగ

గిద్దలూరు

అమ్మడూ,

నీ ఉత్తరం చేరింది. ఫొటో కూడా చూశాను. వేపకొమ్మకు కట్టిన సజ్జ కంకుల మీద పిచ్చుకలు వాలడం మొదలుపెట్టాయో లేదో ఒక గద్ద వచ్చిపడిందనీ, నీ కళ్ళముందే ఒక పిచ్చుకను తన్నుకుపోయిందనీ రాశావు. మీ అమ్మ కంకులు విప్పేయమంటోంది. తమ్ముడు ఉండేలు సిద్ధం చేశాడు. ఫోన్‌లోని యాప్ ఒక పేరు చెబుతోంది, పక్కింటివాళ్ళు ఇంకో పేరు చెబుతున్నారు. అదేమిటో తేల్చమన్నావు. నా అంచనా చెబుతాను. కానీ కనిగిరిలో మీ పెరట్లోకి వచ్చే పక్షి సంగతి ఇక్కడ కూచున్న నాకంటే రోజూ చూస్తున్న నీకే బాగా తెలియాలి. ఎలా చూడాలో నేర్చుకుంటే దీన్నే కాదు, రేపు వచ్చే ఇంకో పక్షినీ నువ్వే పోల్చుకోగలవు.

ముందు తమ్ముడి చేతిలోని ఉండేలు తీసి దాచెయ్యి. డేగలకూ గద్దలకూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. కొట్టినా, పట్టి పంజరంలో పెట్టినా జైలుకు వెళ్ళాల్సి రావచ్చు. వాడిని బెదిరించడానికి చెప్పడం లేదు. పిచ్చుక మీది జాలితోనే వాడు ఉండేలు పట్టాడు. ఆ జాలి మంచిదే, గురి మాత్రం తప్పు.

నా అంచనా, అది గద్ద కాదు, జాలె డేగ. ఇంగ్లీషు పుస్తకాల్లో షిక్రా అంటారు. ఫొటోలో తోక సగమూ రెక్క అంచూ తప్ప ఏమీ తెలియడం లేదు, దాన్నిబట్టి పేరు పెట్టలేం. నీ ఉత్తరంలోని మాటలను బట్టి అంటున్నాను. వేపచెట్టు గుబురులో కదలకుండా కూచుందనీ, గోడ మీదుగా నేలబారుగా దూసుకొచ్చిందనీ, పావురమంత ఉందనీ రాశావు చూడు, ఆ మూడు మాటలూ ఫొటో కంటే విలువైనవి.

చాలామంది ముందు రంగు చూస్తారు. అక్కడే దారి తప్పుతుంది. వేటపక్షుల్లో మగదానికి ఒక రంగు, ఆడదానికి ఒక రంగు, పిల్లకు ఇంకో రంగు. పొద్దుటి ఎండలో బూడిదరంగు నీలంగా కనిపిస్తుంది, నీడలో గోధుమరంగవుతుంది. ఆకారం అలా మారదు. అందుకని ముందు రెక్క చూడు, తర్వాత తోక, ఆ తర్వాత అది ఎలా ఎగురుతుందో చూడు. మన ఊళ్ళ మీద చక్కర్లు కొట్టే గద్ద రెండడుగుల పక్షి, తోక కొస చీలినట్టుంటుంది, రెక్కలు పెద్దవి. అది పైనుంచి చచ్చిన ఎలుకనో చేపల బజారులో పారేసిన పేగులనో చూసి దిగుతుంది గానీ వేపకొమ్మల మధ్య పిచ్చుక వెంట పడదు. దాని ఒళ్ళు అందుకు వీలైనది కాదు. డేగ రెక్కలు పొట్టివి, కొసలు గుండ్రటివి, తోక పొడుగు. కొమ్మల సందుల్లో వేగంగా మలుపు తిరగడానికి పనికొచ్చే ఒళ్ళు అది. రెక్కలు నాలుగైదు సార్లు గబగబా ఆడించి కాస్త దూరం జారుతుంది, మళ్ళీ ఆడిస్తుంది. ఈ ఎగిరే తీరును ఒకసారి మనసుకు పట్టించుకుంటే దూరంనుంచే చెప్పగలవు.

కనిగిరి చుట్టూ కందిచేల మీద, కరెంటు తీగల మీద తెల్లగా, భుజం నల్లగా, కళ్ళు ఎర్రగా ఉండే చిన్న గద్ద కనిపిస్తుంది. అది అడవి రామదాసు. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి కింద ఎలుక కోసం చూస్తుంది. చలికాలంలో వచ్చే కెస్ట్రెల్ అనే సాళువం కూడా అలాగే నిలబడుతుంది, కానీ అది ఇటుకరంగు పక్షి, రెక్కలు కొసదేరి ఉంటాయి. రెండూ బయలు పక్షులు. పెరట్లోకి రావు. గరుడపక్షి సంగతి చెప్పనక్కర్లేదు, తెల్లటి తల, ఇటుకరంగు ఒళ్ళు, చెరువు వైపు వెళితే నువ్వే గుర్తుపడతావు.

ఇక యాప్ చెప్పిన యురేషియన్ స్పారోహాక్ సంగతి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకు. ఆ పక్షి నిజంగానే ఉంది. చలికాలంలో ఉత్తరం నుంచి దక్షిణాదికి కొన్ని దిగుతాయి, అదీ పిచ్చుకలను పడుతుంది, అదీ డేగ జాతే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఆ మెర్లిన్ యాప్ మంచి పనిముట్టే, నేనూ వాడతాను. కానీ నువ్వు ఇచ్చిన ఫొటోలో ఎంత కనిపిస్తే అంతే దానికి కనిపిస్తుంది. పొడుగు తోక, చారల పొట్ట చూసి రెండు మూడు పేర్లు ముందు పెడుతుంది. వాటిలో ఏదో తేల్చాల్సింది నువ్వు.

ఎలా తేల్చాలో చెబుతాను. మొదట గొంతు చూడు. జాలె డేగకు తెల్లటి గొంతు మధ్యలో నిలువుగా ఒకే ఒక్క సన్నటి బూడిదరంగు గీత ఉంటుంది. స్పారోహాక్‌కు అలాంటి ఒంటిగీత ఉండదు, కంటి పైన కనుబొమలా లేత గీత ఉంటుంది. తర్వాత కాళ్ళు. స్పారోహాక్ కాళ్ళు మరీ సన్నం, మరీ పొడుగు. జాలె డేగవి కురచగా, కాస్త లావుగా ఉంటాయి. వీపు తిప్పి కూచుంటే తోక చూడు. పెద్దదైన జాలె డేగ తోక మధ్య ఈకల మీద పట్టీలు దాదాపు కనబడవు, తోక విప్పినప్పుడే పక్క ఈకల మీద తెలుస్తాయి. ఎగిరేటప్పుడు కింద నుంచి చూస్తే రెక్కలు తెల్లగా, కొసలు మాత్రం నల్లగా కనిపిస్తాయి, మగదానిలో మరీను. ఇవన్నీ ఒక్కరోజులో కనబడవు. ఒకరోజు గొంతు దొరుకుతుంది, ఇంకోరోజు తోక. దొరికినంతే రాసుకో. చూడనిదాన్ని చూసినట్టు ఊహించి నింపకు.

కళ్ళు కూడా చూడు. మగ జాలె డేగ కళ్ళు ఎర్రన, ఆడదానివి పసుపు, నారింజ కలిసిన రంగు. ఆడదే పెద్దది. మగదాని వీపు నీలం కలిసిన బూడిద, రొమ్ము మీద లేత ఇటుకరంగు అడ్డచారలు. పిల్ల అయితే వీపు గోధుమరంగు, రొమ్ము మీద అడ్డచారలకు బదులు నిలువుగా కారిన చుక్కలు. నీ ఉత్తరంలో ఒకచోట బూడిదరంగు అనీ, ఇంకోచోట గోధుమరంగు అనీ రాశావు. నువ్వు పొరబడ్డావని నేననుకోవడం లేదు. వస్తున్నవి రెండు పక్షులై ఉండొచ్చు, ఒకటి పెద్దది, ఒకటి కిందటేటి పిల్ల. ఏ రోజు ఏది వచ్చిందో వేరువేరుగా రాస్తే అది కూడా తేలిపోతుంది.

కొమ్మల్లో ఇంకో మోసం ఉంది. కోకిల జాతిలో ఒక పక్షి అచ్చం డేగలాగే ఉంటుంది, అవే చారలు, అదే తోక, అదే ఎగురుడు. ఎండాకాలంలోనూ తొలివానల్లోనూ స్వరం పెంచుకుంటూ పోయి ఒక్కసారిగా ఆగి, మళ్ళీ మొదలుపెట్టే కూత దానిదే. ముక్కు చూస్తే తెలిసిపోతుంది, డేగ ముక్కు కొక్కెంలా వంగి ఉంటుంది, దీని ముక్కు తిన్నగా ఉంటుంది. కాళ్ళలో మాంసాన్ని పట్టే గోళ్ళుండవు. ఈ పోలిక వట్టిది కాదు. 2008లో కేంబ్రిడ్జికి చెందిన నిక్ డేవిస్, జస్టిన్ వెల్బర్గెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిట్టలకు గింజలు పెట్టేచోటే డేగ బొమ్మనూ, అక్కడి కక్కూ కోకిల బొమ్మనూ పెట్టి చూశారు. పిట్టలు రెండింటికీ దాదాపు ఒకేలా బెదిరాయి. కోకిల పొట్ట మీది చారలను కప్పేస్తే భయం తగ్గింది. ఆ చారలకే పిట్టలు బెదురుతాయంటే, ఫొటోలో చారలు చూసి మనం పొరబడడంలో వింతేముంది?

చారల కంటే క్యాలెండరు గట్టి సాక్షి. చలికాలపు చుట్టం వేసవికి ఉండదు. ఏప్రిల్ దాటాక, మే నెల ఎండల్లో కూడా ఈ పక్షి మీ వేపచెట్టు మీద ఉంటే అది స్పారోహాక్ కాదు. జాలె డేగ మాత్రం మన మెట్టప్రాంతంలో ఏడాదంతా ఉంటుంది. మార్చి నుంచి జూన్ దాకా గూడు కడుతుంది, కాకి గూటిలాంటి పుల్లల గూడు. ఆ రోజుల్లో కీక్, కీక్ అని రెండేసి అరుపులు అరుస్తుంది. అయితే ఆ అరుపు విన్నంత మాత్రాన డేగే అనుకోకు, కత్తెర తోక ఏట్రింత ఆ అరుపును చక్కగా అనుకరిస్తుంది. బెస్రా అనే ఇంకో డేగ ఉంది, దానికీ గొంతు మీద గీత ఉంటుంది, కానీ బాగా లావు గీత. అది మా వైపు నల్లమలలాంటి దట్టమైన అడవుల పక్షి, కనిగిరి పెరట్లలో వెతకాల్సింది కాదు.

పుస్తకాలూ యాప్‌లూ ఒక పక్కన పెట్టి మేకలు కాసేవాళ్ళనూ యానాదులనూ కూడా అడుగు. ఈ మాట ఊరికే అనడం లేదు. సుమారు నూట ఎనభై ఏళ్ళ కిందట టి.సి. జెర్డన్ అనే దొర నెల్లూరులో సర్జనుగా ఉన్నాడు. అప్పట్లో కనిగిరి నెల్లూరు జిల్లాలోదే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు గదా విడిపోయింది. యానాదులకు పక్షులూ పాములూ ఎంత బాగా తెలుసో చూసి ఆయన వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. 1862 నుంచి 1864 వరకు వచ్చిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా చేర్చాడు. ఆయన పేరిట పిలిచే కలివికోడి అంతరించిపోయిందని ప్రపంచమంతా అనుకుంటుంటే 1986లో కడప జిల్లా లంకమల కొండల దగ్గర మళ్ళీ దొరికింది. దొరకబుచ్చుకున్నది అక్కడి ఊరి మనిషి, బొమ్మ చూపించి అడిగితే ఇది మాకు తెలుసు అన్నవాడు. మీ ఊళ్ళోనూ అలాంటివాళ్ళున్నారు. వాళ్ళు డేగ అంటే, ఎందుకంటున్నారో అడుగు. ఆ కారణం రాసుకో.

ఇప్పుడు పిచ్చుకల మాట. కంకులు శాశ్వతంగా విప్పేయాల్సిన పనిలేదు. మనవాళ్ళు ఇంటి చూరుకూ గుడి మండపానికీ వరి కుచ్చులు కట్టిన కాలంలోనూ డేగలున్నాయి, పిచ్చుకలు బతికాయి. పిచ్చుక ఏడాదికి రెండు మూడు ఈతలు పిల్లల్ని లేపుతుంది, ఒకటి పోతే జాతి పోదు. పైగా డేగ తిండిలో పిచ్చుక ఒక్కటే కాదు, తొండలు, బల్లులు, ఎలుకలు, మిడతలే ఎక్కువ. 2020లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదికలో పిచ్చుకల సంఖ్య దేశం మొత్తం మీద నిలకడగానే ఉందని, తగ్గింది పెద్ద నగరాల్లోనని తేల్చారు. అదే నివేదికలో తగ్గుతున్నాయని చెప్పింది వేటపక్షుల గురించి. మనం కంగారుపడాల్సింది ఎవరి గురించో దాన్నిబట్టి అర్థం చేసుకో.

చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. కంకులను ఒంటరిగా బయట వేలాడదీయకు, గోరింట పొద పక్కనో ముళ్ళ కంచె పక్కనో కట్టు. డేగ దూరనిచోట పిచ్చుక దూరగలదు. కిటికీ అద్దం ఎదురుగా వద్దు, బెదిరిన పిట్ట అద్దానికి కొట్టుకుని చస్తుంది. డేగ రోజూ కాపు కాస్తుంటే ఒక వారం పది రోజులు కంకులు తీసెయ్యి, పిచ్చుకలు చెదిరితే అదీ ఇంకో చోటు చూసుకుంటుంది. మూకుడులో నీళ్ళు మాత్రం ఆపకు, వేసవిలో మన ఊళ్ళలో గింజ కంటే నీటికే కరువు. కోడిపిల్లలుంటే కాస్త పెరిగేదాకా గంప కింద ఉంచమను. ఎప్పుడైనా డేగ దెబ్బతిని కిందపడి ఉంటే నోట్లో నీళ్ళు పోయకు, తిండి పెట్టకు. గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చెయ్యి.

నేను ఇంతగా రాసుకో, రాసుకో అంటున్నందుకు కారణముంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1980లలో రాబందుల గూళ్ళు లెక్కపెట్టి రాసి ఉంచాడు. 1990లలో మళ్ళీ లెక్కపెట్టబట్టే అవి కూలిపోతున్నాయని బయటపడింది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు కారణమని తర్వాత తేలింది. 2006లో పశువుల వాడకానికి దాన్ని నిషేధించేనాటికి మూడు జాతుల రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి. ఆ పాత లెక్కే లేకపోతే ఎంత పోయిందో చెప్పడానికి కొలత ఉండేది కాదు. కనిగిరి పెరట్లలో డేగలు ఎన్ని ఉన్నాయో, ఏ నెలలో ఉన్నాయో రాసి ఉంచినవాళ్ళు ఎంతమంది ఉంటారు? నువ్వు ఆ పని మొదలుపెట్టు. తేదీ, వేళ, ఏ చెట్టు, ఏం పట్టింది, గొంతు, కన్ను, తోక, అంత చాలు. పేరు తెలియని రోజు డేగ జాతి అని మాత్రం రాయి. తెలిసినంతవరకే రాసినది పది ఊహల కంటే మేలు.

తమ్ముడిని కూడా కలుపుకో. ఉండేలు గురి చూసే కన్ను వాడిది, గొంతు మీది గీత నీకంటే ముందు వాడికే కనిపించొచ్చు. మే నెల దాకా రాసిన పుస్తకం నాకు పంపండి. అప్పటిదాకా ఆ పక్షికి పేరు ఖాయం చేయకండి.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న