సీసపు సైనికులు

బొమ్మలు రెండు విధములు. ఆటకై చేసిన బొమ్మకు అందము చాలును. గుఱ్ఱము నీలముగా నున్నను, రౌతు తలపై కిరీటమున్నను ఆడుకొను బాలునకు లోటు లేదు. కాని ఒకానొక యుద్ధమున, ఒకానొక దినమున, ఒకానొక పటాలమునకు చెందిన సిపాయి ఇట్లుండెనని చూపుటకై చేసిన బొమ్మ అట్టిది కాదు. అది చరిత్రకు సాక్షి. సాక్షికి అందముకంటె సత్యము ముఖ్యము.

ఐరోపాలో సైనికుల చిఱుబొమ్మలను పోతపోసి రంగులు వేయు విద్య చిరకాలముగా నున్నది. పదునెనిమిదవ శతాబ్దమున జర్మనీలోని న్యూరెంబర్గు పనివారు తగరముతో పలుచని బొమ్మలు చేయుచుండిరి. 1893లో లండనునందలి బ్రిటన్ కుటుంబమువారు, లోపల డొల్లగా నుండు సీసపు బొమ్మలను పోతపోయు పద్ధతిని కనిపెట్టి, వానిని చౌకగా అమ్మసాగిరి. బాలుర ఆటగా ప్రారంభమైన యీ విద్య క్రమముగా పెద్దల అభిరుచి యయ్యెను. ప్రదర్శనశాలలలో స్థానము సంపాదించెను. రెండంగుళముల బొమ్మపై బొత్తాము ఆవగింజ పాటి యైనను ఉండదు. అయినను దాని రంగు ఇత్తడిదా, వెండిదా యని తెలిసికొనుటకు చిత్రకారుడు వారములకొలది గ్రంథములు వెదకుచుండును.

ఇందులోని కష్టము తెలియవలెనన్న వాటర్లూ యుద్ధమును చూడవలెను. 1815 జూన్ 18వ తేదీన బెల్జియము దేశమున జరిగిన ఈ యుద్ధములో ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ ఓడిపోయెను. అతని నెదిర్చినవారు ఇరువురు: ఆంగ్లేయులను, వారి మిత్రులను నడిపిన వెల్లింగ్టన్ ఒకడు, ప్రష్యా సేనను నడిపిన బ్లూచర్ వేఱొకడు. ఆంగ్లేయ పదాతులలో పెక్కుమంది ఎఱ్ఱకోటు తొడిగిరి. కాని ఎఱుపంతయు ఒక్కటి కాదు. సామాన్య సైనికుని కోటునకు మంజిష్ఠ జాతి వేరునుండి తీసిన మందమైన ఎఱుపు. అధికారి కోటునకు కోచినీల్ అను పురుగునుండి తీసిన మెఱయు ఎఱుపు. మెడపట్టీకిని, ముంజేతి పట్టీకిని పటాలము పటాలమునకు రంగు మాఱుచుండెను. 95వ రైఫిల్ పటాలమువారు అసలు ఎఱుపే ధరింపక ఆకుపచ్చ కోట్లు తొడిగిరి.

సర్కారువారి నిబంధనల పుస్తకము చూచి రంగు వేసిన చాలదా? చాలదు. సైనికుడు ఏమి ధరింపవలెనో నిబంధన చెప్పును; ఏమి ధరించెనో చెప్పదు. 1812లో ఆంగ్లేయ పదాతులకు క్రొత్త మాదిరి టోపీ ఏర్పడెను. అయినను మూడేండ్ల తరువాత వాటర్లూలో 28వ పటాలమువారు పాతటోపీతోనే పోరాడిరి. యుద్ధమునకు ముందురాత్రి తెల్లవార్లు వాన కురిసెను. సైనికులు బురదలో పడుకొని, తడిసిన బట్టలతోనే లేచి నిలిచిరి. పెక్కుమంది టోపీలపై తైలము పట్టించిన గుడ్డ తొడిగియుండిరి. ఫ్రెంచి సైనికులలో అనేకులు అలంకారపు కోటు కనబడకుండ పైన పెద్దకోటు ధరించిరి. కావున మెఱుగుపెట్టిన బొత్తాములతో, మచ్చలేని తెల్లని లాగుతో నిలిచిన బొమ్మ కవాతుబొమ్మ యగును గాని వాటర్లూ బొమ్మ కాదు.

ఒక కోటు రంగు తప్పినంతమాత్రమున మునిగిపోయిన దేమని కొందఱు అడుగుదురు. ఆనాటి యుద్ధభూమియే దీనికి సమాధానము. వెల్లింగ్టన్ పక్షమున పోరాడిన నస్సావు దేశపు సైనికుల దుస్తులు ఫ్రెంచివారి దుస్తులను పోలియుండెను. సాయంకాలము సహాయమునకు వచ్చిన ప్రష్యనులు తుపాకిపొగలో వారిని చూచి శత్రువులని భ్రమించి కాల్పులు జరిపిరి. మిత్రుల గుండ్లకే మిత్రులు నేలకూలిరి. నస్సావు సైనికునికి అందముకొఱకు ఎఱ్ఱకోటు వేసిన చిత్రకారుడు ఆ మరణములకు కారణమునే తుడిచివేసిన వాడగును.

వాటర్లూకు తొమ్మిదేండ్లకు ముందే దక్షిణ భారతమున ఒక తలపాగా ఇంతకంటె ఘోరమైన రక్తపాతమునకు కారణమయ్యెను. చెన్నపట్టణపు సేనలో తెలుగు సిపాయిలు విశేషముగా నుండెడివారు. బంగాళమున సిపాయికి తిలంగా అను పేరే వాడుకలోనికి వచ్చెను. 1805లో ఆ సేనకు తోలుకుచ్చు గల క్రొత్త తలపాగా ఒకటి నిర్ణయింపబడెను. అది దొరల టోపీవలె నుండెను. కవాతులో నుదుట బొట్టుగాని, చెవిపోగులుగాని ఉండరాదనియు, గడ్డములు గొఱిగించుకొనవలె ననియు ఆజ్ఞ వెడలెను. తమ మతాచారములకు హాని కలుగుచున్నదని హిందువులును మహమ్మదీయులును కలతపడిరి. 1806 జూలై 10వ తేదీన వేలూరు కోటలో సిపాయిలు తిరుగబడిరి. కోటలోని ఆంగ్లేయ సైనికులు నూఱుమందికి పైగా చనిపోయిరి. ఆర్కాటునుండి వచ్చిన సేన తిరుగుబాటును అణచినపుడు వందలకొలది సిపాయిలు హతులైరి. పిదప ఆ ఆజ్ఞలు రద్దయ్యెను. సేనాపతి క్రాడాక్, గవర్నరు బెంటింక్ ఇంగ్లండునకు పిలిపింపబడిరి. 1806నాటి వేలూరు సిపాయి బొమ్మకు ఏదో యొక తలపాగా చుట్టినవాడు బొమ్మను చేసినవాడగును గాని, ఆ సిపాయి కథను చెప్పినవాడు కాడు.

చిన్న విషయములలో సత్యమును వెదకువాడు పెద్ద విషయములలోను దానిని వెదకక తప్పదు. విలియం సైబార్న్ అను ఆంగ్లేయ సైనికాధికారి చరిత్ర ఇందుకు నిదర్శనము. వాటర్లూ రణరంగమును నమూనాగా నిర్మింపుమని 1830లో ఆయనకు ఉత్తరువు వచ్చెను. ఆయన ఆ యుద్ధమున పాల్గొన్నవాడు కాడు. అందుచేత ఊహను నమ్మక, రణభూమి నడుమనున్న లా హే సాంత్ అను పల్లెయింట ఎనిమిది నెలలు నివసించి, మిట్టపల్లములను కొలిచెను. యుద్ధమున పాల్గొని జీవించియున్న అధికారులకు లేఖలు వ్రాసి, సాయంకాలము ఏడుగంటల వేళ మీ పటాలము ఎక్కడ నుండెను, ఎదుట చేలలో ఏ పైరు ఉండెను అని ప్రశ్నించెను. వందలకొలది ఉత్తరములు వచ్చెను. ఒకరు చెప్పినది మఱియొకరు చెప్పినదానితో పొసగలేదు. వానిని సరిపోల్చి నిజము తేల్చుటయే ఆయన పని యయ్యెను.

1833లో ప్రభుత్వము ధనసహాయము నిలిపివేసెను. సైబార్న్ అప్పులుచేసి పని సాగించెను. 1838లో డెబ్బదివేలకు పైగా చిఱుబొమ్మలతో నమూనా లండనులో ప్రదర్శింపబడెను. ఒక్కొక్క బొమ్మ అర అంగుళమైనను లేదు. జనులు తండోపతండములుగా వచ్చి చూచిరి. కాని ఒక ఆక్షేపణ బయలుదేరెను. ఆయన సేకరించిన సాక్ష్యము ననుసరించి నమూనాలో ప్రష్యనుల బొమ్మలు విస్తారముగా నుండెను. గెలుపులో వారి పాలు మిక్కుటముగా కనబడుచున్నదని వెల్లింగ్టన్ పక్షమువారు అసంతృప్తి చెందిరి. తుదకు సైబార్న్ ప్రష్యనుల బొమ్మలలో పెక్కింటిని తీసివేసెను. క్రొత్త సాక్ష్యము దొరకి తీసెనా, పెద్దల ఒత్తిడికి లోబడి తీసెనా అని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. 1849లో ఆయన మరణించెను. ఆ నమూనా లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో నున్నది.

బొమ్మలను తీసివేయ వచ్చును గాని ఉత్తరములను తీసివేయుటకు వీలులేదు. వానిలో కొన్నిటిని సైబార్న్ కుమారుడు 1891లో గ్రంథముగా ప్రకటించెను. మూలప్రతులు బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. వాటర్లూనుగూర్చి వ్రాయువారు నేటికిని వానిని ఆశ్రయించుచున్నారు. సీసపు సైనికుని కోటునకు రంగువేయు చిత్రకారుడు కూడ కుంచె ముంచుటకు ముందు వానిని తిరగవేయుచుండును. చూచినవారిని అడుగుట, అడిగినదానిని సరిపోల్చుట, తేలినదానిని తేలినట్లు చూపుట - బొమ్మ ఎంత చిన్నదైనను చరిత్రకారుని ధర్మ మిదియే.