పోలీసు చెయ్యి చేసుకుంటే: గుంటూరు జనం తరచూ అడిగే ప్రశ్నలు

స్టేషన్‌కు పిలిపించి కొట్టే హక్కు పోలీసులకు ఉందా?

లేదు. నేరం ఒప్పించడానికి కొట్టడమే నేరం. భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, గాయం తీవ్రమైతే పదేళ్ల వరకు జైలు. పైగా పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు. ఈ జబ్బు పాతదే. శిస్తు కోసం రైతుల వేళ్లను చెక్కల మధ్య నొక్కే ‘కిట్టి’ గురించి 1855లోనే మద్రాసు ప్రెసిడెన్సీ చిత్రహింసల కమిషన్ నమోదు చేసింది. గుంటూరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉంది.

అరెస్టుకు ఎదురు తిరిగితే?

పట్టుకోవడానికి కావలసినంత బలం వాడవచ్చు, అంతే. మనిషి చేతికి చిక్కాక పడే ప్రతి దెబ్బా చట్టానికి బయటిదే. తెనాలి నడిరోడ్డు మీద ముగ్గురు యువకుల అరికాళ్లపై పోలీసులు లాఠీలతో కొట్టిన వీడియో 2025 మేలో బయటికొచ్చింది. వాళ్లు కానిస్టేబుల్ మీద దాడి చేశారని పోలీసులు చెప్పారు. అది నిజమే అనుకున్నా శిక్ష వేయాల్సింది కోర్టు. ఆ వీడియో చూసి “బాగా బుద్ధి చెప్పారు” అన్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే.

దెబ్బలు తిన్నవాడు ముందు ఎవరికి చెప్పాలి?

మేజిస్ట్రేటుకు. అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లో ఆయన ముందు హాజరుపరచాలి. ఆ రోజు చెప్పే మాట ఎంత విలువైనదో గుంటూరు కేసే చూపించింది. 2021 మే 14న అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ హైదరాబాద్‌లో అరెస్టు చేసి గుంటూరు తీసుకొచ్చింది. రాత్రి కస్టడీలో తనను కొట్టారని మర్నాడు ఆయన మేజిస్ట్రేటుకు చెప్పారు. గుంటూరులో పరీక్షించిన వైద్యులు గాయాలు లేవన్నారు. సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రికి పంపితే, అక్కడి నివేదికలో కాలి వేలు విరిగినట్టు తేలింది. మే 21న బెయిల్ వచ్చింది. కొట్టారన్న ఫిర్యాదు మీద నగరంపాలెం స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నమోదైంది మాత్రం 2024 జులైలో, ప్రభుత్వం మారాక! ఆరోపణలు రుజువు కావలసింది కోర్టులోనే.

ఎంపీ కనుక ఢిల్లీ దాకా వెళ్లగలిగారు. మిర్చి యార్డులో టిక్కీలు మోసే కూలీకి ఆ స్తోమత లేదు. అందుకే ఆ మొదటి రోజు మాట అతనికి మరీ ముఖ్యం. పక్కనే పోలీసులున్నా సరే, ఎక్కడ కొట్టారో, ఎప్పుడో, ఎవరో చెప్పి, రాసుకోమని, వైద్య పరీక్షకు పంపమని అడగాలి. వైద్యుడికీ ప్రతి నొప్పీ చెప్పాలి.

సీసీ కెమెరా రికార్డు అడగవచ్చా?

అడగాలి. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు ఉండాలనీ, రికార్డును 18 నెలలు భద్రపరచాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తేదీ, సమయం వేసి రాతపూర్వకంగా కోరండి.

ఎస్సైని సస్పెండ్ చేస్తే న్యాయం జరిగినట్టేనా?

కాదు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, సత్తెనపల్లి చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపిన యువకుడు చనిపోయాడు. కొట్టడం వల్లే పోయాడని కుటుంబం ఆరోపించింది, ఎస్సైని సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ శాఖాపరమైన చర్య మాత్రమే, నేరానికి కేసు వేరుగా నడవాలి. కస్టడీలో ఉండగా మరణిస్తే మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే?

ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే, రుసుము లేకుండా రాయవచ్చు. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణకు తీసుకోదు, కాబట్టి ఆలస్యం చేయకండి.