రక్తనాళాల దారి తెలిస్తేనే అవయవ మార్పిడి

ఇంటర్ బైపీసీ పుస్తకంలో ఒక్కో కిడ్నీకి ఒక్కో ధమని ఉన్నట్టు బొమ్మ ఉంటుంది. ఎంబీబీఎస్‌లో చేరి డిసెక్షన్ హాల్లో అడుగుపెట్టాక ఆ బొమ్మ చాలదని తెలుస్తుంది. సుమారు నలుగురిలో ఒకరికి అదనపు కిడ్నీ ధమని ఉంటుంది. దాంతో మామూలుగా ఏ ఇబ్బందీ రాదు. ఆ మనిషి కిడ్నీ దానం చేసే రోజున మాత్రం అదే కీలకమవుతుంది.

ముప్పు ఎక్కడ?

కిడ్నీ కింది కొసకు వెళ్లే సన్నని ధమనినే తీసుకోండి. చాలాసార్లు మూత్రనాళం పైభాగానికీ రక్తం అందించేది ఇదే. ఇది తెగితే, అమర్చిన కిడ్నీ బాగానే ఉన్నా మూత్రనాళం దెబ్బతిని మూత్రం కారిపోవచ్చు. అందుకే తీసిన కిడ్నీని ఐసులో చల్లగా ఉంచి, ఈ చిన్న నాళాన్ని వెతికి, అవసరమైతే పెద్ద ధమనికి కలిపి కుడతారు.

కాలేయం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1994లో ప్రచురించిన అధ్యయనంలో హయాట్ బృందం వెయ్యి మంది కాలేయ దాతల వివరాలు చూస్తే, దాదాపు నాలుగో వంతు మందిలో కాలేయానికి రక్తం తెచ్చే హెపాటిక్ ధమని పుస్తకంలో ఉన్నట్టు లేదు. కొందరిలో కుడి శాఖ పేగులకు వెళ్లే ధమని నుంచి, ఎడమ శాఖ జీర్ణాశయ ధమని నుంచి వస్తాయి. మార్పిడి తర్వాత పిత్తనాళాలకు హెపాటిక్ ధమని రక్తమే ఆధారం. ఆ ధమనిలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే మళ్లీ కాలేయం మార్చాల్సి రావచ్చు.

ఈ రంగంలోకి వెళ్లేందుకు ఏయే దారులున్నాయి?

సర్జన్: నీట్‌తో ఎంబీబీఎస్, తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ. ఆపై నీట్ ఎస్ఎస్ ద్వారా మూడేళ్ల ఎంసీహెచ్. కాలేయానికి సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ, కిడ్నీకి యూరాలజీ.

రేడియాలజిస్టు: ఎండీ రేడియోడయాగ్నసిస్ చేసినవారు సీటీ యాంజియోలో నాళాల దారిని ముందే గుర్తించి సర్జన్‌కు చెబుతారు.

ఇమేజింగ్ టెక్నాలజిస్టు: బైపీసీ తర్వాత బీఎస్సీ చాలు. కాంట్రాస్టు మందు ఎక్కించాక స్కాన్ కొన్ని సెకన్లు అటూ ఇటూ అయినా సన్నని ధమని కనిపించకపోవచ్చు. సరిగ్గా ఆ సమయానికి స్కాన్ తీసేది వీరే.

ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్: 2011లో సవరించిన అవయవ మార్పిడి చట్టం ప్రకారం మార్పిడి ఆసుపత్రుల్లో ఈ పోస్టు తప్పనిసరి. దాత కుటుంబంతో మాట్లాడేది, జీవన్‌దాన్ వంటి అవయవదాన వ్యవస్థలతో సమన్వయం చేసేది వీరే. నర్సింగ్, సోషల్ వర్క్ చదివినవారికీ అవకాశం ఉంది.

ఇప్పటి నుంచే ఏం చేయాలి?

సీటీ చూసేటప్పుడు రిపోర్టుతో సరిపెట్టుకోకుండా, బృహద్ధమని నుంచి ఒక్కో శాఖ వెంటా కళ్లతో ప్రయాణించండి. మొదటి ఏడాది విద్యార్థులైతే, డిసెక్షన్‌లో మీ టేబుల్ మీద ప్రతి కిడ్నీకి ఎన్ని ధమనులున్నాయో లెక్కపెట్టండి. పుస్తకంలోని బొమ్మ పక్కనే, మీరు చూసింది చూసినట్టు గీసి దాచుకోండి. ఒక దాత, ఒక గ్రహీత ప్రాణాలు రేపు ఆ అలవాటు మీదే ఆధారపడతాయి.