శత్రుదేశపు బిడ్డ

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసెను. నాలుగేండ్లకే, అనగా 1949లో, అమెరికాలోని బ్రెదరెన్ సంఘము జర్మను విద్యార్థులను ఒక సంవత్సరము తమ కుటుంబములలో ఉండి చదువుకొనుటకు పిలిపించెను. అంతర్జాతీయ క్రైస్తవ యువజన వినిమయ సంస్థ ఇందునుండియే పుట్టినది.

బ్రెదరెన్ వారు యుద్ధమును నిరాకరించువారు; వారి ఇరుగుపొరుగువారందరు అట్టివారు కారు. పొరుగింటి గోడమీది పటములోని కుమారుడు యుద్ధమునుండి తిరిగి రాకపోయి యుండవచ్చును. కనుక మొదటి దినములలో అట్టి విద్యార్థికి అన్యభాషకంటె ఆ పటము ఎదుట నిలుచుటయే కష్టము.

అయితే అతడు అతిథిగా కాక ఇంటి బిడ్డగా చేర్చుకొనబడెను. పాత్రలు తుడుచుటలోను, పశువులున్న యింట మేతవేయుటలోను అతనికిని వంతు కలదు. అతిథిమర్యాద పరదేశిని పరదేశిగానే ఉంచును, పని అట్లుంచదు. మోయాబీయురాలైన రూతు బేత్లెహేము చేరి మొదట అడిగినది, పొలములో పరిగె యేరుకొనుటకు సెలవే గదా (రూతు 2:2).